ఫేజ్ కోణం ఎంత అని అడిగే ముందు

గోడ గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకునే ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. ఆ గడియారాన్ని ఇవాళ చూసినా, వచ్చే ఏడాది చూసినా ఐదు నిమిషాలే ముందుంటుంది. ఇంకో గడియారం ఉందనుకుందాం. ఇవాళ సరిగ్గానే ఉంది గానీ రోజుకు ఐదు నిమిషాలు ఎక్కువ తిరుగుతుంది. రేపటికి ఐదు, ఎల్లుండికి పది, 144 రోజులకు పన్నెండు గంటలూ తిరిగేసి మళ్లీ సరైన టైమే చూపిస్తుంది. మొదటిదానిది ఫేజ్ తేడా, రెండోదానిది ఫ్రీక్వెన్సీ తేడా. రెండో గడియారం ఎంత ముందుందని ఎవరైనా అడిగితే, ఎప్పటి లెక్క అని తిరిగి అడగక తప్పదు.

ఫేజ్ కోణానికీ ఫ్రీక్వెన్సీకీ సంబంధం ఏమిటన్నది ఇంజినీరింగ్ మొదటి ఏడాది నుంచి సబ్‌స్టేషన్ కంట్రోల్ రూమ్ దాకా వినిపించే ప్రశ్నే. సైన్ తరంగాన్ని ఇలా రాస్తాం:

వోల్టేజ్ = గరిష్ఠ విలువ × సైన్ (360 × ఫ్రీక్వెన్సీ × సమయం + ఆరంభ కోణం)

బ్రాకెట్‌లో ఉన్న మొత్తం ఆ క్షణంలో తరంగం ఫేజ్. అది ఎంత వేగంగా పెరుగుతోందో అదే ఫ్రీక్వెన్సీ. 50 హెర్ట్జ్ తరంగం ఫేజ్ సెకనుకు 18,000 డిగ్రీలు పెరుగుతుంది. ఇక చివర ఉన్న ఆరంభ కోణం మాత్రం తరంగం సొంత గుణం కాదు, మనం స్టాప్‌వాచ్ ఎప్పుడు నొక్కామన్నదాన్ని బట్టి మారేది. ఒంటరి తరంగానికి ఫేజ్ 30 డిగ్రీలు అంటే ఆ మాటకు అర్థం లేదు. పక్కన పోల్చడానికి ఇంకోటి కావాలి, దాని ఫ్రీక్వెన్సీ కూడా ఇదే అయి ఉండాలి. ఫ్రీక్వెన్సీలు వేరైతే మధ్య కోణం ఒక చోట నిలవదు. ఎంత తేడా ఉంటే అంత వేగంగా తిరుగుతూనే ఉంటుంది. 1 హెర్ట్జ్ తేడాకు సెకనుకు 360 డిగ్రీలు, 0.1 హెర్ట్జ్ తేడాకు సెకనుకు 36.

ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా లెక్కే.

ఫ్రీక్వెన్సీ పెరిగితే కోణం పెరుగుతుందా?

మధ్యలో ఏముందో చెప్పకుండా దీనికి జవాబివ్వలేం. మధ్యలో ఉన్నది ఉత్త ఆలస్యమే అయితే, అంటే పొడవాటి కేబులో, గాలిలో శబ్దం నడిచిన దూరమో అయితే, కోణం ఫ్రీక్వెన్సీతో పాటు సరిగ్గా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 1 మిల్లీసెకను ఆలస్యం 50 హెర్ట్జ్ దగ్గర 18 డిగ్రీలు, 60 దగ్గర 21.6, 500 దగ్గర 180, 1000 హెర్ట్జ్ దగ్గర పూర్తి చుట్టు. ఇక ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ (తీగచుట్ట) కొసలు తారుమారు చేసి కలిపితే వచ్చే 180 డిగ్రీలు ఉంది చూడండి, అది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరైనా 180 డిగ్రీలే. అందులో ఆలస్యం ఏమీ లేదు, తరంగం తలకిందులైందంతే. చాలా వాదనలు ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల వస్తాయి. 50 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని 10 మిల్లీసెకన్లు ఆలస్యం చేసినా, తలకిందులు చేసినా ఆసిలోస్కోప్ (తరంగాన్ని గీసి చూపించే పరికరం, పొట్టిగా స్కోప్) మీద బొమ్మ ఒకటే. 100 హెర్ట్జ్ పంపి చూస్తే తెలుస్తుంది తేడా: ఆలస్యం 360 డిగ్రీలై మొదటి చోటికే వస్తుంది, తలకిందులైనది తలకిందులుగానే ఉంటుంది.

ఇక మూడో రకం, రెసిస్టర్–కెపాసిటర్ లాంటి సర్క్యూట్లు. వీటిలో కోణం పెరుగుతుంది గానీ ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. దాని సంగతి కింద స్కోప్ దగ్గర చూద్దాం. అంతకంటే ముందు, సమయం ఒకటే అయినా కోణాలు వేరవడం వల్ల బిల్డింగుల్లో వైర్లు కాలే విషయం ఒకటుంది.

మూడు ఫేజుల సప్లైలో (ఇక్కడ ఫేజ్ అంటే కరెంటు తెచ్చే వైరు) ఆర్, వై, బి అనే మూడు వైర్ల వోల్టేజీల మధ్య 120 డిగ్రీలు. 50 హెర్ట్జ్ దగ్గర ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు కాబట్టి 120 డిగ్రీలంటే 6.67 మిల్లీసెకన్లు. లోడు మూడు ఫేజుల మీదా సమానంగా ఉంటే న్యూట్రల్‌లో మూడు కరెంట్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, న్యూట్రల్ ఖాళీ. ఇది 50 హెర్ట్జ్ భాగం వరకే నిజం. కంప్యూటర్ల పవర్ సప్లైలు, నాసిరకం ఎల్‌ఈడీ డ్రైవర్లు కరెంటును సైన్ ఆకారంలో కాకుండా వోల్టేజ్ శిఖరం దగ్గర ముక్కలుగా లాగుతాయి. అందులో 150 హెర్ట్జ్ భాగం, అంటే 50కి మూడు రెట్లైన మూడో హార్మోనిక్, బాగా ఉంటుంది. ఫేజుల మధ్య ఆలస్యం మాత్రం అదే 6.67 మిల్లీసెకన్లు. 150 హెర్ట్జ్‌కు 6.67 మిల్లీసెకన్లంటే సరిగ్గా ఒక పూర్తి సైకిల్, 360 డిగ్రీలు. కాబట్టి మూడు ఫేజుల్లోని 150 హెర్ట్జ్ కరెంట్లూ ఒకే తాళంలో ఉంటాయి. న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకోకుండా కూడుకుంటాయి.

ఒక్కో ఫేజులో 50 హెర్ట్జ్ భాగం 20 ఆంపియర్లు, 150 హెర్ట్జ్ భాగం 14 ఆంపియర్లు అనుకోండి. ఫేజ్ వైరులో మొత్తం 24.4 ఆంపియర్లు, వర్గాల మొత్తానికి వర్గమూలం. న్యూట్రల్‌లో 42. ఫేజ్ వైరు కంటే 1.7 రెట్లు ఎక్కువ, అదీ లోడు అన్ని ఫేజుల మీదా సరిగ్గా పంచిన తర్వాత. న్యూట్రల్‌లో కరెంటే ఉండదులే అని సగం సైజు వైరు లాగిన పాత బిల్డింగుల్లో జాయింట్లు నల్లబడేది ఇందుకే. అలాంటి బిల్డింగులో లోడు బ్యాలెన్స్ చేయమని ఎలక్ట్రీషియన్‌ను పదేపదే పిలవడం దండగ, లోడు బ్యాలెన్స్‌గానే ఉంది.

కనిపెట్టడం సులువే. హెర్ట్జ్ బటన్ ఉన్న ట్రూ ఆర్‌ఎంఎస్ (తరంగం ఆకారం ఏదైనా సరైన కరెంటు చూపే) క్లాంప్ మీటర్ తీసుకుని ముందు ఫేజ్ వైరుకు, తర్వాత న్యూట్రల్‌కు తగిలించండి. ఫేజ్ మీద 50, న్యూట్రల్ మీద 150 చూపిస్తే కారణం దొరికినట్టే. మామూలు క్లాంప్ మీటర్ సగటును కొలిచి సైన్ అనుకుని గుణించి చూపిస్తుంది. ముక్కలుగా వచ్చే ఫేజ్ కరెంటు దగ్గర అది బాగా తక్కువ చూపించే ప్రమాదం ఉంది.

ఇదే లెక్క ఐదో హార్మోనిక్‌కు వేయండి. 120 × 5 = 600, అందులో 360 తీసేస్తే 240, అంటే వెనక్కి 120. ఆర్–వై–బి కాస్తా ఆర్–బి–వై అయింది. మోటారులో ఇది రోటరును ఎదురు దిశలో లాగుతూ వేడి పుట్టిస్తుంది. ఏడోది 840, రెండు చుట్లు తీసేస్తే 120, మళ్లీ ముందుకే. ఏ హార్మోనిక్ ఎటు తిప్పుతుందో బట్టీ పట్టక్కర్లేదు.

స్కోప్ మీద కోణం కొలవడం

10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ తీసుకోండి. 104 అని రాసిన చౌక సిరామిక్ వద్దు, టాలరెన్స్ ఎక్కువ, పైగా వోల్టేజీని బట్టీ ఉష్ణోగ్రతను బట్టీ విలువ మారుతుంది. రెసిస్టర్ ఒక కొస ఫంక్షన్ జనరేటర్‌కు, రెండో కొస కెపాసిటర్‌కు, కెపాసిటర్ రెండో కొస గ్రౌండ్‌కు. మొదటి ఛానల్ జనరేటర్ దగ్గర, రెండో ఛానల్ కెపాసిటర్ మీద. ప్రోబులు రెండూ 10 రెట్ల స్థానంలో ఉండాలి, రెంటినీ స్కోప్ ముందున్న చదరపు తరంగం మీద సరిచేసుకోవాలి. ఒకటి 1 రెట్టులో, ఇంకోటి 10 రెట్లలో ఉంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర ప్రోబుల తేడానే కొలిచి సర్క్యూట్ తేడా అనుకుంటాం.

ఇక్కడ కోణం టాన్ విలువ 2 × పై × ఫ్రీక్వెన్సీ × రెసిస్టెన్స్ × కెపాసిటెన్స్. లెక్క ప్రకారం రావలసినవి ఇవి. 50 హెర్ట్జ్ దగ్గర అవుట్‌పుట్ 17.4 డిగ్రీలు వెనక ఉంటుంది, సమయంలో 0.97 మిల్లీసెకను. 159 హెర్ట్జ్ దగ్గర 45 డిగ్రీలు, 0.79 మిల్లీసెకను. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 81 డిగ్రీలు, 0.225 మిల్లీసెకను. 10 కిలోహెర్ట్జ్ దగ్గర 89.1 డిగ్రీలు, దాదాపు 25 మైక్రోసెకన్లు. కోణం పెరుగుతూ పోతుంటే ఆలస్యం తగ్గుతూ పోతోంది. ఇది చూసి కంగారుపడేవాళ్లు ఎక్కువ. కోణం, ఆలస్యం ఒకే వస్తువుకు రెండు పేర్లు కావు. మధ్యలో ఫ్రీక్వెన్సీ ఉంది. కోణాన్ని 360 × ఫ్రీక్వెన్సీతో భాగిస్తేనే సమయం. కోణం 90 దాటదు, భాగించే సంఖ్య మాత్రం పెరుగుతూనే ఉంటుంది, మరి సమయం తగ్గక ఏం చేస్తుంది?

కొలిచేటప్పుడు తప్పులు ఎక్కువగా జరిగేవి రెండు చోట్ల. మొదటిది ఏసీ కప్లింగ్, అంటే డీసీని ఆపి ఏసీని మాత్రమే లోపలికి వదిలే స్కోప్ సెట్టింగ్. ఒక ఛానల్ డీసీ మీద, ఇంకోటి ఏసీ మీద ఉంటే స్కోప్ లోపలి కెపాసిటర్ ఆ ఛానల్‌ను కొంచెం ముందుకు నెడుతుంది. దాని కటాఫ్ (అంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపేసే హద్దు) 5 హెర్ట్జ్ అయితే 50 హెర్ట్జ్ దగ్గర ఆ నెట్టుడు 5.7 డిగ్రీలు. మనం కొలిచే 17.4లో ఇది మూడో వంతు. రెండు ఛానళ్లూ డీసీ మీదే పెట్టండి.

రెండోది, సున్నా గీత దాటే చోటు. తరంగం మీద శిఖరం విలువలో 10 శాతం డీసీ కలిసి ఉంటే పైకి వెళ్తూ సున్నా దాటే చోటు 5.7 డిగ్రీలు ముందుకు జరుగుతుంది, కిందికి దిగుతూ దాటే చోటు అంతే వెనక్కి జరుగుతుంది. కాబట్టి పైకెళ్లే అంచు దగ్గర ఒకసారి, దిగే అంచు దగ్గర ఒకసారి కొలిచి సగటు తీస్తే డీసీ తప్పు దానంతటదే పోతుంది. రెండు కొలతలూ కలవకపోతే తరంగంలో డీసీ అయినా ఉండాలి, హార్మోనిక్స్ అయినా ఉండాలి. శిఖరాల మధ్య దూరం కొలవడం మాత్రం మానేయండి. శిఖరం దగ్గర తరంగం దాదాపు బల్లపరుపు, ఎక్కడ శిఖరమో కంటికి తెలియదు. సున్నా దగ్గర వాలు ఎక్కువ, చోటు స్పష్టం.

గడికి 2 మిల్లీసెకన్లు పెట్టి 50 హెర్ట్జ్ చూస్తే ఒక గడి 36 డిగ్రీలు. గడిలో పదో వంతు తప్పు చదివినా 3.6 డిగ్రీలు పోయినట్టే. ట్రిగ్గర్ మొదటి ఛానల్ పైకెళ్లే అంచుకు పెట్టి, గడికి 200 మైక్రోసెకన్లకు తెచ్చుకుంటే గడి 3.6 డిగ్రీలవుతుంది. అప్పుడు కర్సర్‌తో అర డిగ్రీలోపు చదవచ్చు.

కరెంటు సప్లైని చూడాలంటే స్కోప్ ప్రోబును నేరుగా ప్లగ్‌లో పెట్టకండి. గ్రౌండ్ క్లిప్ ఫేజుకు తగిలితే ప్రోబు పేలుతుంది. అలాగని స్కోప్ ఎర్త్ పిన్ పీకేస్తే స్కోప్ బాడీ మొత్తం ఫేజ్ అవుతుంది, అది ఇంకా ప్రమాదం. 230 నుంచి 6 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. రెండు సప్లైలు పోల్చాలంటే ఒకే మోడల్‌వి రెండు తీసుకోండి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు సొంతంగా ఒకటి రెండు డిగ్రీలు జరుపుతాయి, ఒకేలాంటివైతే ఆ జరుగుడు రెంటిలోనూ దాదాపు ఒకటే ఉండి తేడాలో పోతుంది.

ఎక్స్–వై మోడ్‌లో పెట్టి దీర్ఘవృత్తం చూసే పాత పద్ధతి కోణం కొలతకు పెద్దగా పనికిరాదు. 30 డిగ్రీలు ముందో వెనకో అది చెప్పలేదు. కానీ ఫ్రీక్వెన్సీ తేడాకు దానంత చక్కటి పరికరం లేదు. రెండు తరంగాలూ సరిగ్గా ఒకే ఫ్రీక్వెన్సీవైతే బొమ్మ కదలదు. 0.1 హెర్ట్జ్ తేడా ఉందా, గీత, దీర్ఘవృత్తం, వృత్తం, ఎదురు గీత అన్నీ చూపించి పది సెకన్లకు మొదటికొస్తుంది.

జనరేటర్ కలిపేటప్పుడు

ఫేజూ ఫ్రీక్వెన్సీ విడదీయరాని జంట అని చేతికి తెలిసేది సింక్రోనైజింగ్ ప్యానెల్ ముందే. జనరేటర్‌ను నడుస్తున్న బస్‌బార్‌కు (కరెంటు పంచే ఉమ్మడి కడ్డీకి) కలపాలంటే ఫేజ్ క్రమం, వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ, కోణం నాలుగూ కుదరాలి. వోల్టేజ్ సంగతి తేలిక. మిగతా మూడూ కోణం గొడవే.

సింక్రోస్కోప్ ముల్లు రెంటి మధ్య కోణాన్ని చూపిస్తుంది, ముల్లు తిరిగే వేగం ఫ్రీక్వెన్సీ తేడాను చూపిస్తుంది. సవ్య దిశలో తిరిగితే వచ్చే మెషీన్ ఫాస్ట్, అపసవ్యంగా తిరిగితే స్లో. చుట్టుకు పది సెకన్లు పడితే తేడా 0.1 హెర్ట్జ్. పెద్ద జనరేటర్లకు ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ ప్రమాణాల్లో ఉన్న హద్దులు ఇవి: కోణం 10 డిగ్రీల లోపు, ఫ్రీక్వెన్సీ తేడా 0.067 హెర్ట్జ్ లోపు, వోల్టేజ్ తేడా 5 శాతం లోపు. 0.067 అంటే చుట్టుకు 15 సెకన్లు. ముల్లు అంత నెమ్మదిగా, సవ్య దిశలో నడుస్తుండగా 12 గంటల గుర్తుకు కాస్త ముందే స్విచ్ తిప్పాలి.

కాస్త ముందంటే ఎంత? బ్రేకర్‌కు కమాండ్ ఇచ్చాక కాంటాక్టులు కలవడానికి కొంత టైం పడుతుంది, 100 మిల్లీసెకన్లు అనుకుందాం. ముందస్తు కోణం = 360 × ఫ్రీక్వెన్సీ తేడా × క్లోజింగ్ టైం. 0.1 హెర్ట్జ్‌కు 3.6 డిగ్రీలు. 0.5 హెర్ట్జ్ తేడాతో ముల్లు గిర్రున తిరుగుతుంటే 18 డిగ్రీలు, దానికి మనిషి చెయ్యి కదిలే కాల్ సెకను కలిపితే ఇంకో 45. అందుకే ముల్లు జోరుగా తిరుగుతున్నప్పుడు గురి చూసి కొట్టే ప్రయత్నం చేయకూడదు. ముందు గవర్నర్ (మెషీన్ వేగాన్ని అదుపు చేసే పరికరం) సర్ది ముల్లు వేగం తగ్గించాలి. సవ్య దిశే ఎందుకంటే, కలిసిన వెంటనే మెషీన్ కొద్దిగా లోడు తీసుకుంటుంది. స్లోగా ఉన్న మెషీన్‌ను కలిపితే గ్రిడ్డే దాన్ని లాక్కెళ్లాలి, రివర్స్ పవర్ రిలే (జనరేటర్‌లోకి పవర్ ఎదురు పారితే దాన్ని విడదీసే పరికరం) ట్రిప్ కొట్టినా కొట్టొచ్చు.

తప్పు కోణంలో కలిపితే బ్రేకర్ రెండు వైపుల మధ్య వోల్టేజ్ = 2 × వోల్టేజ్ × సైన్ (కోణంలో సగం). 10 డిగ్రీలకు 17 శాతం. 60 డిగ్రీలకే పూర్తి 100 శాతం. 180కి రెట్టింపు. కరెంటు 180 దగ్గర గరిష్ఠం గానీ, షాఫ్టును మెలితిప్పే టార్క్ 120 డిగ్రీల చుట్టుపక్కల ఘోరంగా ఉంటుంది. కప్లింగ్ బోల్టులు తెగడం, స్టేటర్ వైండింగ్ చివర్లు కదిలిపోవడం ఇక్కడే. పీటీ (ఎక్కువ వోల్టేజీని మీటర్లకు తగ్గించి ఇచ్చే చిన్న ట్రాన్స్‌ఫార్మర్) వైర్లు ఫేజు మారి కలిపితే వచ్చే తప్పు కూడా సరిగ్గా 120 డిగ్రీలే కావడం దురదృష్టం.

కొత్తవాళ్లను బోల్తా కొట్టించే పరిస్థితి ఇంకొకటి. ఫ్రీక్వెన్సీలు మరీ బాగా కలిసిపోతే ముల్లు ఎక్కడో 2 గంటల దగ్గర, అంటే 60 డిగ్రీల దగ్గర, ఆగి నిలబడిపోతుంది. ఫ్రీక్వెన్సీ మీటర్లు రెండూ 50.00. అంతా బాగుందనిపిస్తుంది, కలపకూడదు. ఎంతసేపు కాచుకున్నా ముల్లు 12కు రాదు, తేడా సున్నా అయితే కోణం ఎందుకు కదులుతుంది? గవర్నర్‌ను ఒక్క నొక్కు పైకి నొక్కి ముల్లును మళ్లీ కదిలించాలి.

డెల్టా–స్టార్ ట్రాన్స్‌ఫార్మర్‌కు (ఒక వైపు వైండింగులు త్రికోణంగా, రెండో వైపు నక్షత్రంలా కలిపినది) ఒక వైపు పీటీ, రెండో వైపు ఇంకో పీటీ పెట్టి వాటినే సింక్రోస్కోప్‌కు ఇచ్చారంటే 30 డిగ్రీల సవరణ తప్పనిసరి. ఆ రకాల్లో ఒకటైన డీవైఎన్11 ట్రాన్స్‌ఫార్మర్‌లో తక్కువ వోల్టేజ్ వైపు 30 డిగ్రీలు ముందుంటుంది. సవరణ మర్చిపోతే ముల్లు 12 చూపించినప్పుడు బ్రేకర్ మీద అసలు తేడా 30 డిగ్రీలు, అంటే 52 శాతం వోల్టేజ్. పీటీల మీద గానీ కేబుల్ మీద గానీ పని జరిగిన ప్రతిసారీ, మొదటిసారి కలిపే ముందు బ్రేకర్ రెండు వైపులా ఆర్‌కు ఆర్, వైకి వై, బికి బి ప్రైమరీ మీదే సరిచూడాలి. సింక్రోస్కోప్‌ను సింక్రోస్కోప్‌తో తనిఖీ చేయడం తనిఖీ కాదు.

చిన్న డీజీ (డీజిల్ జనరేటర్) సెట్లకు బల్బుల పద్ధతి ఇప్పటికీ ఉంది. ఆర్–ఆర్, వై–వై, బి–బి మధ్య ఒక్కో బల్బు. మూడూ కలిసి వెలుగుతూ కలిసి ఆరుతుంటే క్రమం సరైనదే. ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటే ఫేజ్ క్రమం తిరగబడింది, జనరేటర్ వైపు రెండు వైర్లు మార్చాలి. 180 డిగ్రీల దగ్గర బల్బు మీద 460 వోల్టులు పడతాయి కాబట్టి ప్రతి చోటా రెండు 230 వోల్టుల బల్బులు సీరీస్‌లో పెట్టాలి. ఫిలమెంట్ బల్బులే వాడాలి. ఎల్‌ఈడీ బల్బులోని డ్రైవర్ తక్కువ వోల్టేజ్ దాకా వెలుగు మారకుండా నిలబెట్టి టక్కున ఆరిపోవచ్చు, అది కోణాన్ని చూపించదు. ఫిలమెంట్‌కూ లోపం లేకపోలేదు. 20 డిగ్రీల దగ్గర రెండు బల్బుల మీద కలిపి 80 వోల్టులు, ఒక్కోదాని మీద 40. పగటి వెలుతురులో అది ఆరినట్టే కనిపిస్తుంది. కాబట్టి ఆరిన వెంటనే కాకుండా, ఆరి ఉన్న వ్యవధి మధ్యలో కలపాలి. పక్కన ఒక వోల్ట్‌మీటర్ ఉంటే ఈ ఊహాగానం అక్కర్లేదు.

ఊరంత గ్రిడ్‌లో

కలిసిన తర్వాత ఫ్రీక్వెన్సీ అందరిదీ ఒకటే, కోణాలు మాత్రం ఎవరివి వాళ్లవి. గుంటూరులో 49.98 ఉంటే గువాహటిలోనూ 49.98. కరెంటు ఎటు పారాలో తేల్చేది కోణం: కోణం ముందున్న చోటు నుంచి వెనకున్న చోటుకు పవర్ పారుతుంది, లైన్ రియాక్టెన్స్ (ఏసీకి లైను చూపే అడ్డు) ఎంతో దాన్ని బట్టి, కోణం సైన్ విలువకు అనులోమంగా. 30 డిగ్రీల తేడా ఉంటే గరిష్ఠంలో సగం.

మన దక్షిణ గ్రిడ్ 2013 దాకా ఈ కట్టులో లేదు. దాని ఫ్రీక్వెన్సీ దానిది, మిగతా దేశానిది వేరు. అది 50.00, ఇది 49.95 అనుకోండి, మధ్య కోణం సెకనుకు 18 డిగ్రీలు తిరుగుతూ 20 సెకన్లకో చుట్టు వేస్తుంది. మామూలు ఏసీ లైను వేస్తే పవర్ పది సెకన్లు ఇటు, పది సెకన్లు అటు ఊగి రిలేలు ట్రిప్ అయిపోతాయి. అందుకే విశాఖ దగ్గర గాజువాకలో, మహారాష్ట్ర భద్రావతిలో బ్యాక్–టు–బ్యాక్ హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డీసీ) స్టేషన్లు కట్టారు. భద్రావతి నుంచి ఇటు వచ్చే లైన్లు రామగుండం చేరతాయి. తాల్చేర్–కోలార్ డీసీ లైను కూడా ఈ కోవదే. ఏసీని డీసీ చేసి మళ్లీ ఏసీ చేస్తే కోణం బంధం తెగిపోతుంది, పవర్ మాత్రం దాటుతుంది. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది చీకటైనప్పుడు దక్షిణాది ఆ కుప్పకూలడంలో పడకపోవడానికి కారణం ఇదే. 2013 డిసెంబర్ 31న 765 కేవీ రాయచూర్–సోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ కూడా దేశంతో సింక్రొనస్‌గా కలిసింది.

ఇప్పుడు ఈ కోణాలను సబ్‌స్టేషన్లలోని ఫేజర్ మెజర్‌మెంట్ యూనిట్లు జీపీఎస్ గడియారంతో కొలుస్తున్నాయి. 50 హెర్ట్జ్ దగ్గర 1 మైక్రోసెకను 0.018 డిగ్రీలు. గడియారం 1 మిల్లీసెకను తప్పితే 18 డిగ్రీల తప్పు, ఆ కొలత చెత్తబుట్టకే. ఈ యూనిట్ల డేటా మొదటిసారి గ్రాఫ్ గీసినవాళ్లు పరికరం పాడైందనుకుంటారు. కోణం ఒకే దిక్కున జారుతూ పోయి మైనస్ 180 దగ్గర టక్కున ప్లస్ 180కి దూకుతుంది, రంపం పళ్ల లాగా. పాడవలేదు. యూనిట్ ప్రతి కోణాన్నీ కచ్చితమైన 50 హెర్ట్జ్ ఊహా తరంగంతో పోలుస్తుంది. గ్రిడ్ 49.95 దగ్గర నడుస్తుంటే కోణం సెకనుకు 18 డిగ్రీలు వెనక్కి జారాలి, జారుతోంది. రెండు చోట్ల కోణాల తేడా తీసి గీస్తే రంపం మాయమై గీత నిలబడుతుంది. తేడా తీశాక మళ్లీ 180 హద్దు సరిచూసుకోవాలి. 179కీ మైనస్ 179కీ సగటు సున్నా అని స్ప్రెడ్‌షీట్ చెబుతుంది, అసలు జవాబు 180.

ఫ్రీక్వెన్సీని కూడా డిజిటల్ రిలేలు, ఇన్వర్టర్లు సాధారణంగా ఫేజ్ ఎంత వేగంగా మారిందో చూసే లెక్కిస్తాయి. చిక్కు అక్కడే ఉంది. దగ్గర్లో ఫాల్ట్ వచ్చినా, పెద్ద లైను తెరుచుకున్నా కోణం ఒక్కసారిగా గెంతుతుంది. జనరేటర్ల వేగం ఆ క్షణంలో మారదు గానీ లెక్కకు అది ఫ్రీక్వెన్సీ మారినట్టే కనిపిస్తుంది. 5 డిగ్రీల గెంతును ఒక్క సైకిల్‌లో, అంటే 20 మిల్లీసెకన్లలో కొలిస్తే దాదాపు 0.7 హెర్ట్జ్ తేడా. అదే ఐదు సైకిళ్ల మీద కొలిస్తే 0.14. 2016 ఆగస్టు 16న దక్షిణ కాలిఫోర్నియాలో బ్లూ కట్ కార్చిచ్చు సమయంలో లైన్ ఫాల్ట్ వచ్చినప్పుడు దాదాపు 1,200 మెగావాట్ల సోలార్ ఉత్పత్తి పోయింది. అందులో ఇంచుమించు 700 మెగావాట్లు పోవడానికి కారణం, ఫ్రీక్వెన్సీ 57 హెర్ట్జ్ కంటే కిందికి పడిందని ఇన్వర్టర్లు పొరపాటుగా లెక్కకట్టడం. నిజానికి వాళ్ల 60 హెర్ట్జ్ గ్రిడ్ 59.8 కంటే కిందికి వెళ్లలేదు. ఆ తర్వాత అక్కడి ఇన్వర్టర్లలో తక్షణ ట్రిప్ తీసేసి ఆలస్యం పెట్టారు. మన సోలార్ ప్లాంట్లలో ఫ్రీక్వెన్సీ రిలే సెట్టింగ్ రాసేటప్పుడు కూడా హెర్ట్జ్ విలువ ఒక్కటే చూస్తే చాలదు. ఎన్ని సైకిళ్ల మీద కొలుస్తోంది, ట్రిప్‌కు ముందు ఎన్ని మిల్లీసెకన్లు ఆగుతోంది అన్న రెండు గడులు కూడా నింపించండి. చాలా సెట్టింగ్ షీట్లలో అవి ఖాళీగానే ఉంటాయి.